పవర్ వీడర్ ఇంజన్‌తో రేసు ట్రాక్ దాకా

కలుపు తీసే పవర్ వీడర్ మీద, పొలానికి నీళ్లు తోడే చిన్న పంపు మీద హోండా జీఎక్స్160 అన్న అక్షరాలు చూసే ఉంటారు. 163 సీసీ, ఒకటే సిలిండరు, తాడు లాగితే స్టార్టయ్యే ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్. ఇంగ్లండులో ప్రోకార్ట్ అనే తరగతి బళ్లకు ఇవే ఇంజన్లు రెండేసి బిగించి గంటల తరబడి, కొన్ని రేసుల్లో 24 గంటలూ, పరిగెత్తిస్తారు. మన దేశంలో అద్దె గో కార్టుల్లో తరచుగా కనిపించే జీఎక్స్200, జీఎక్స్270 కూడా ఆ కుటుంబానివే. నర్సీపట్నంలో ఐటీఐ, డిప్లొమా చదువుతున్నవాళ్లకీ, అబిద్ సెంటర్ చుట్టుపక్కల షెడ్లలో పని నేర్చుకుంటున్నవాళ్లకీ ఈ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చేతిలో ఉన్న పని ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియక దాన్ని మధ్యలో వదిలేసే కుర్రాళ్లను చూస్తే బాధేస్తుంది.

ప్రోకార్ట్ లాంటి తరగతుల్ని కంట్రోల్డ్ క్లాస్ అంటారు, అంటే పోటీలో ఉన్న అందరికీ ఒకే రకం ఇంజన్. బోరు పెంచకూడదు, హెడ్డు అరగదీయకూడదు, రూల్ బుక్కులో లేని జెట్టు వేయకూడదు. రోటాక్స్ మ్యాక్స్ లాంటి టూ స్ట్రోక్ తరగతుల్లోనైతే ఇంజన్‌కి సీలే వేసి ఉంటుంది. గుర్తింపు ఉన్న సర్వీస్ సెంటర్ తప్ప ఎవరూ దాన్ని విప్పడానికి లేదు. రేసు ముగిశాక గెలిచిన బండి ఇంజన్ని విప్పించి కొలతలు తీసే అధికారం బళ్లను తనిఖీ చేసే స్క్రూటినీర్లకు ఉంటుంది. కొలత తప్పిందా, గెలుపు పోయినట్టే. మన షెడ్లలో పికప్ పెంచినవాడికి పేరు. ఈ రేసుల్లో మాత్రం కంపెనీ ఇచ్చిన పవరు ఆఖరి ల్యాపు దాకా తగ్గకుండా కాపాడినవాడికే పేరు.

ఆ కాపాడటంలోనే ఉంది అసలు విద్య. ముందు ట్యాపెట్ల సంగతి చూడండి. గంటల కొద్దీ ఫుల్ థ్రాటిల్ మీద తిరిగితే వాల్వు సీటింగు కొద్దికొద్దిగా అరుగుతుంది, వాల్వు పైకి జరుగుతుంది, గ్యాపు తగ్గుతుంది. గ్యాపు తగ్గితే శబ్దమేమీ రాదు, ఇంకా నున్నగా నడుస్తున్నట్టే అనిపిస్తుంది. కానీ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది, చివరికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. చెవితో పట్టలేని ఈ తప్పును ఫీలర్ గేజ్ పట్టుకుంటుంది. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకు పైకొనకు తెచ్చి కొలవాలి. ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆ మోడల్ మాన్యువల్ తెరవాల్సిందే.

కంప్రెషన్ దగ్గర ఇంకో మెలిక ఉంది. తాడు తేలిగ్గా లాగడానికి వీలుగా జీఎక్స్ ఇంజన్ల క్యామ్ షాఫ్టు మీద డీకంప్రెషర్ ఉంటుంది. స్టార్టింగప్పుడు అది వాల్వును కాస్త ఎత్తిపట్టి ఉంచడం వల్ల మామూలు కంప్రెషన్ గేజ్ తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి మంచి ఇంజన్ని విప్పి పెట్టేస్తారు కొత్తవాళ్లు. దానికి బదులు లీక్ డౌన్ పరీక్ష చేయాలి: ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి అది ఎటు పోతోందో వినాలి. సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు.

ఆయిల్ ఇంకా ముఖ్యం. జీఎక్స్160లో పట్టేది అర లీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆయిల్ పంపు లేదు, ఫిల్టరూ లేదు. కనెక్టింగ్ రాడ్డు కింద ఉన్న చిన్న గరిటెలాంటి ముక్క ఆయిల్‌ని చిలకరిస్తుంది. పొలంలో ఇబ్బంది లేదు. కానీ కార్టు మలుపు తిరిగిన ప్రతిసారీ ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, అప్పుడు లెవెల్ తగ్గి ఉంటే ఇంజన్ సీజ్ కావచ్చు. వంద గంటలకోసారి ఆయిల్ మార్చమన్న మాన్యువల్ మాట మామూలు వాడకానికే. రేసు ఇంజన్‌కి ప్రతి రేసు తర్వాతా మార్చడమే మంచిది.

రెండు ఇంజన్ల బండిలో థ్రాటిల్ కేబుళ్లు రెండూ ఒకేసారి తెరుచుకోవాలి, లేకపోతే ఒక ఇంజన్ బరువంతా రెండోదాని మీద పడుతుంది. వైబ్రేషన్‌కి సైలెన్సర్ నట్లు, ఇంజన్ మౌంటు బోల్టులు వదులవుతాయి. పెట్రోలు కోసం బండి ఆగిన ఆ కాసేపట్లో కంటితో, చేతితో వాటినీ, చైన్ బిగువునూ చూసేయాలి. సైలెన్సర్ ఎర్రగా కాలి ఉంటుందని మరవకండి.

ఇక చదువు. పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు, లేదా పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్, మెకానికల్ డిప్లొమా. ఈ పనికి రెండింటిలో ఏదైనా చాలు. ఇంజినీరింగ్ విద్యార్థులకైతే 2007లో మొదలైన బజా ఎస్ఏఈఇండియా పోటీ ఉంది. జట్లన్నింటికీ ఒకేరకం 10 హెచ్‌పీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్ ఇచ్చి, చివర్లో నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు పెట్టే పద్ధతితో అది మొదలైంది. మీ కాలేజీలో జట్టు లేకపోతే మీరే కట్టండి. నా లెక్కలో దానికి మించిన శిక్షణ లేదు.

ఉద్యోగాల విషయంలో ఆశ పెట్టి మోసం చేయను. రేసులు సీజన్‌లోనే, అదీ ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. నెలజీతం కావాలంటే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లోని అద్దె కార్టింగ్ ట్రాకుల్లో చేరి, అక్కడి నుంచి రేసు జట్ల వైపు జరగాలి. తునిలో చెన్నై రైలెక్కితే, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ట్రాక్ ఉంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ముందు ఓ రేసు చూసి రండి, డ్రైవర్లను వదిలేసి పిట్‌లో చేతులు ఏం చేస్తున్నాయో గమనించండి. రూల్ బుక్కులు, మాన్యువళ్లు ఇంగ్లిషులోనే ఉంటాయి. రోజుకో పేజీ అర్థం చేసుకుంటూ చదివితే ఆ భయం పోతుంది.

ఈ వారమే మొదలుపెట్టొచ్చు. పాత పంపు ఇంజన్ ఒకటి, ఫీలర్ గేజ్, వెర్నియర్, ఒక నోట్‌బుక్ సంపాదించండి. ఇంజన్ విప్పకముందు ట్యాపెట్ గ్యాపు ఎంత, ప్లగ్గు గ్యాపు ఎంత, దాని రంగేమిటి, బిగించాక ఎంత, ఎన్ని గంటలు నడిచింది, అన్నీ తేదీ వేసి రాయండి. ఆరు నెలల తర్వాత ఏ ట్రాకుకి పని అడగడానికి వెళ్లినా ఆ నోట్‌బుక్కే ముందు బల్ల మీద పెట్టండి.