పళని, నీలగిరి కొండలలో కుటుంబముతో కాలినడక

మదుర నగరము సముద్రమట్టమునకు నూరు మీటర్లకు కొంచెము పైన నున్నది. అచ్చటికి వాయవ్యముగా, బాట వెంబడి సుమారు 120 కిలోమీటర్ల దూరమున, 2,100 మీటర్ల ఎత్తున కొడైకెనాల్ ఉన్నది. కోయంబత్తూరు 411 మీటర్ల ఎత్తున నుండగా దానికి ఉత్తరమున నీలగిరులలోని దొడ్డబెట్ట 2,637 మీటర్లు. హిమాలయములకు దక్షిణమున నున్న శిఖరములన్నిటిలో ఉన్నతమైన ఆనైముడి (2,695 మీటర్లు) సహితము మనకు ఒక దినపు ప్రయాణములోనే కలదు. ఇంత దగ్గర నున్నను మన కుటుంబములలో అనేకము ఈ కొండలను మోటారు కిటికీ నుండియే చూచి వచ్చుచున్నవి. బండి దిగుట, ఛాయాచిత్రము తీసికొనుట, బజ్జీలు తినుట, మరల బండి ఎక్కుట: దీనిని కొండను చూచుట యనుట కష్టము.

నడక మన పూర్వులకు క్రొత్త గాదు. పదునారవ శతాబ్దమున విశ్వనాథ నాయకుని కాలము నుండి తెలుగు కుటుంబములు ఈ దేశమునకు వచ్చి స్థిరపడినవి కాలినడకను, ఎడ్లబండ్ల మీదను గదా. పదునేడవ శతాబ్దపు చివర మదురను పాలించిన రాణి మంగమ్మ నేటికిని జనుల నోట నున్నది యుద్ధముల వలన కంటె ఆమె వేయించిన బాటల వలనను, కట్టించిన సత్రముల వలనను. మదుర రైలు నిలయమున కెదురుగ నున్న మంగమ్మ సత్రమును మీలో చాలమంది చూచియుందురు. ఇక నీలగిరుల మాట. కోయంబత్తూరు కలెక్టరుగా నుండిన జాన్ సల్లివన్ 1819లో ఆ కొండలెక్కి అచ్చటి చల్లని వాతావరణమును లోకమునకు తెలిపెను. 1868 వరకు నీలగిరులు కోయంబత్తూరు జిల్లాలోని భాగమే. కొడైకెనాల్ సరస్సు 1863లో ఏర్పడినది. దానిని కట్టించిన లెవింజి మదుర కలెక్టరుగా పని చేసినవాడు.

కొండకు పోవుటకు ముందు కొన్ని మాటలు తెలిసికొనుడు. మన ఇండ్లలో పలుకుబడి తెలుగే యైనను కొండను గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడు తమిళపు మాటయో ఇంగ్లీషు మాటయో నోటికి వచ్చుచున్నది. తెలుగున గుట్ట, తిప్ప, గట్టు, కొండ అని ఎత్తును బట్టియు ఆకారమును బట్టియు వేరువేరు మాటలు గలవు. రెండు కొండల నడుమ దాటిపోవు దారి కనుమ. కొండల మధ్య ఇరుకుగా, చెట్లు గుబురుగా నున్న చోటు కోన. నిట్టనిలువుగా తెగిన రాతి పార్శ్వము చరియ. కొండ దాపు నేల ఉపత్యక, కొండ మీది సమతలము అధిత్యక. బండ మీద సహజముగా ఏర్పడి నీరు నిలుచు గుంట దొన. నడచునపుడు బిడ్డలకు వీనిని చూపి పేరు చెప్పినచో ఒక్క పూటలో వచ్చును. నిఘంటువు ముందు కూర్చుండపెట్టిన ఏడాదికిని రావు. ఒక్క మాటను మాత్రము మనము తమిళము నుండియే గైకొనవలెను. లోయల మడతలలో ఎప్పుడును పచ్చగా, పొట్టిగా, దట్టముగా నుండు అడవిని తమిళులు ‘శోల’ అందురు; వృక్షశాస్త్రజ్ఞులు ప్రపంచమంతటను ఆ మాటనే వాడుచున్నారు. శోలలును వాని చుట్టునుండు గడ్డిమైదానములును వాన నీటిని పీల్చుకొని మెల్లమెల్లగా విడుచును. కోయంబత్తూరు మీదుగా పారు నొయ్యల్ నది వెళ్ళియంగిరి కొండలలోనే పుట్టినది.

ఎత్తునకు పోవుకొలది శరీరమునకు ఏమగునో చూతము. ప్రతి వేయి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గును. అనగా మదుర నుండి కొడైకెనాలునకు 2,000 మీటర్లు ఎక్కినచో 13 డిగ్రీల భేదము. పసిపిల్లలకు ఉన్ని చొక్కాయి ఇందుకే. గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్న దానిలో సుమారు 78 శాతమునకు దిగును. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గాని, ఒక్క ఊపిరిలో లోపలికి పోవునది తక్కువ. కావుననే మొదటి దినమున మెట్లెక్కినను రొప్పు వచ్చును. నీరు అచ్చట 93 డిగ్రీలకే మరుగును గనుక మూతలేని గిన్నెలో పప్పు ఉడుకుటకు ఎక్కువ సేపు పట్టును. తలనొప్పి, వాంతి మొదలగు ఎత్తు వ్యాధి సాధారణముగా 2,500 మీటర్లకు పైన ప్రారంభమగును. అందుచేత మన కొండలలో దాని భయము అంతగా లేదు. కాని కేదారనాథమునకు (3,583 మీటర్లు) వెళ్ళు కుటుంబములు జ్ఞాపకముంచుకొనవలెను: 3,000 మీటర్లు దాటిన పిమ్మట ఒక రాత్రి నిద్రించు చోటు కంటె మరునాటి నిద్రించు చోటు 500 మీటర్లకు మించి ఎత్తు కారాదు.

బిడ్డలతో మొదట ఎచ్చటికి పోవలెను? మదురవారికి అళగర్ కోయిల వెనుక కొండపై నున్న నూపుర గంగ వరకు నడక చాలును. కోతులు చేతిలోని దానిని లాగికొనును గనుక తినుబండారములు సంచిలో దాచుడు. దిండిగల్లు దాపున 18 మలుపుల బాట గల సిరుమలై మీద అరటితోటల నడుమ చదును దారులు గలవు. కొడైకెనాలులో సరస్సు చుట్టు సుమారు అయిదు కిలోమీటర్లు. ఆరేడేండ్ల బిడ్డకు ఇది మంచి పరీక్ష. 1872లో కోకరు అను సైనికోద్యోగి వేయించిన కోకర్స్ వాక్ ఒక కిలోమీటరు పొడవున కొండ అంచు వెంబడి పోవును. మబ్బులు లోయలో క్రింద తేలుట అచ్చటి నుండి కనబడును.

వట్టకెనాల్ నుండి డాల్ఫిన్ ముక్కు అను బండకు పోవు దారి మిక్కిలి ప్రసిద్ధము. ఈ దారిలో ఒక చిక్కు గలదు, దానిని తల్లిదండ్రులు గమనింపవలెను. కొండ పైనుండి మొదలగు నడకలలో దిగుట ముందు, ఎక్కుట వెనుక. దిగునపుడు పిల్లలు పరుగులెత్తుదురు, ‘ఇంకొంచెము దూరము’ అందురు. తిరిగి వచ్చునపుడు కాళ్ళు అలసినవి, నీళ్ళు అయిపోయినవి, ఎండ నెత్తి మీద. అప్పుడు ఎక్కుడు మొదలు. కావున ఇట్టి దారిలో బిడ్డ శక్తిలో మూడవ పాలు ఖర్చుకాగానే వెనుదిరుగవలెను. ఆ బండ అంచునకు కంచె లేదు. అంచు నుండి నాలుగు బారల ఇవతలనే బిడ్డ చేయి పట్టుకొని కూర్చుండుట మంచిది.

కాలము లెక్కగట్టుటకు ఒక సూత్రము గలదు. స్కాట్లండు దేశీయుడు నెయిస్మిత్ 1892లో చెప్పినది. అయిదు కిలోమీటర్లకు ఒక గంట; దానికి తోడు 600 మీటర్ల ఎక్కుడునకు మరియొక గంట. విద్యార్థులారా, ఈ లెక్క వేయుడు. దారి 6 కిలోమీటర్లు, ఎక్కుడు 300 మీటర్లు. దూరమునకు 1 గంట 12 నిమిషములు, ఎక్కుడునకు 30 నిమిషములు. మొత్తము 1 గంట 42 నిమిషములు. ఇది బలిష్ఠుడైన పురుషుడు ఆగకుండ నడచినచో పట్టు కాలము. బిడ్డలు, అవ్వలు ఉన్న గుంపునకు ఒకటిన్నర రెట్లు వేసికొనుడు: 2 గంటల 33 నిమిషములు. ఫలహారమునకు అరగంట. మొత్తము మూడు గంటలకు పైన. సాయంకాలము నాలుగింటికి బసకు చేరవలెనన్నచో మధ్యాహ్నము ఒంటిగంటకు ముందే బయలుదేరవలెను. తెల్లవారి ఏడింటికి బయలుదేరుట అంతకంటెను మేలు, ఏలయన మధ్యాహ్నము తరువాత మబ్బు, ఉరుము వచ్చును. ఉరుము వినబడగానే కొండ కొనను, ఒంటి చెట్టును విడిచిపెట్టుడు.

గుంపులో అందరికంటె చిన్న బిడ్డ ముందు నడువవలెను, పెద్దవాడొకడు అందరికంటె వెనుక. ఇట్లు చేసినచో వేగము తానే కుదురును. బిడ్డలను ముందుకు పరుగెత్తనిచ్చుట ఎంత ప్రమాదమో 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి దారిలో జరిగిన ఘోరము తెలిపినది. 3,550 మెట్లు గల ఆ ప్రసిద్ధమైన బాటలోనే ఆరేండ్ల బాలికను చిరుతపులి చంపినది. కొడైకెనాల్ వీథులలోనికి సహితము అడవిదున్నలు వచ్చును. అవి మేయుచున్నంత సేపు శాంతముగ నుండును, దగ్గరకు పోయి ఛాయాచిత్రము తీయబోయినచో కావు.

అన్నిటికంటె పెద్ద అపాయము నిప్పు. 2018 మార్చి 11వ తేదీన తేని జిల్లా కురంగణి కొండలలో ఎండిన గడ్డి అంటుకొని, నడకకు వచ్చినవారిలో ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు యువతులు. నిప్పు చదును నేల మీద కంటె ఏటవాలున పైకి ఎంతో వేగముగ పోవును. మంట వాలు వైపు ఒరిగి, పైనున్న గడ్డిని ముందే ఆరబెట్టును; వేడిగాలియు పైకే లేచును. మనిషి పైకి పరుగెత్తినకొలది అలసిపోవును, మంటకు అలసట లేదు. కావున ఫిబ్రవరి నడుమ నుండి మొదటి వానలు పడు వరకు గడ్డికొండలలో నడువరాదు. ఆ దుర్ఘటన తరువాత తమిళనాడు ప్రభుత్వము నియమములు చేసినది. 2024 అక్టోబరులో అటవీశాఖవారు 40 దారులను గుర్తించి, సులభము, మధ్యమము, కఠినము అని విభజించి, శిక్షణ పొందిన స్థానికులను దారి చూపుటకు నియమించిరి. ముందుగా అనుమతి పొందవలెను. అనుమతికై అయ్యెడు రుసుము ఎక్కువ యని గొణుగువారు గలరు. దారి తెలిసిన కొండవాని వెంట నడచిన కుటుంబము ఆ గొణుగుడు మానును. వాహనములలో ఉదకమండలమునకును కొడైకెనాలునకును పోవువారికి 2024 మే 7 నుండి ఇ-పాస్ విధానము వచ్చినది.

వెళ్ళియంగిరి ఏడు కొండల యాత్ర వేరు మాట. అది కుటుంబ విహారము గాదు. రాతిమెట్లు, జారుడు బండలు, రాత్రివేళ నడక, చలి. 2024లో పలువురు భక్తులు ఊపిరాడక, గుండె ఆగి మరణించిరి. రక్తపుపోటు, ఉబ్బసము గల పెద్దలు వైద్యుని అడుగక బయలుదేరరాదు.

సంచిలో: పెద్దవారికి గంటకు అర లీటరు చొప్పున నీరు, పులిహోర, వేరుసెనగ ఉండలు, ఉన్ని చొక్కాయి, టోపి, చిన్న దీపము, ఈల, కట్టుగుడ్డ. బిడ్డ మోయు సంచి బిడ్డ బరువులో పదవ పాలు మించరాదు. ప్లాస్టిక్ కాగితములు, సీసాలు కొండకు తీసికొనిపోవద్దు. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్‌ను తమిళనాడులో 2019 జనవరి 1 నుండి నిషేధించిరి.

కడపట కుఱింజి. పన్నెండేండ్ల కొకసారి కొండచరియలను నీలముగా మార్చు ఈ పొద వలననే నీలగిరులకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 2006లో పూచినది, 2018లో పూచినది, మరల 2030లో పూయవలెను. 2018లో తండ్రి భుజముల మీద కూర్చుండి చూచిన అయిదేండ్ల బిడ్డకు అప్పటికి పదునేడేండ్లుండును, తన కాళ్ళ మీద నడచి పోవచ్చును. పూలు పూయు కాలము జూలై నుండి అక్టోబరు వరకు, అనగా వానలలో. దారి జారును, జలగలు పట్టును. వానతొడుగు, పొడవు మేజోళ్ళు, చిన్న ఉప్పుమూట వెంట నుంచుకొనుడు.