మూత్రపిండాలు పంపే కబురు

మూత్రపిండాల పని ఏమిటి? మూత్రం తయారుచేయడం. పరీక్షలో మనమందరం ఇట్లనే రాస్తాం. మా మామకు డయాలసిస్ మొదలైనంక నాకు ఇంకో పని తెలిసింది.

ఆర్మూరు చేన్లల్ల పసుపు తవ్విన మనిషి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతుండె. అత్త బీట్‌రూట్ పెట్టింది, మనకు వారం వారం ఇచ్చేటివంటి ఐరన్ గోలీలు వేసింది. రక్తం పెరగలే. ఎందుకంటే, ఆక్సిజన్ తగ్గితే కనిపెట్టి మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది ఎముకల మూలుగకు పోయి ఎర్ర రక్తకణాలను తయారుచేయిస్తుంది. ఒక్కో కణం సుమారు 120 రోజులే బతుకుతుంది, కాబట్టి ఈ కబురు రోజూ పోవాలె. ఇనుము సరుకు మాత్రమే. కబురే రాకుంటే సరుకుండి ఏం లాభం? మన దిక్కే కాదు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమంది కిడ్నీ రోగులున్నారు. మూత్రపిండాలు బాగా చెడితే ఎక్కడైనా ఇదే తిప్పలు.

ఈ హార్మోను సూదిమందును 1989లో అమెరికాలో అనుమతించారు. ఇప్పుడు మన దగ్గరా వేస్తారు. అది పడ్డంక మామ ముఖం తేటగైంది. "రెండు సూదులు ఒక్కసారే వేయరాదమ్మా, జల్ది పనికి పోతడు" అన్నది అత్త. నర్సమ్మ వద్దన్నది.

ఎర్రకణాలు ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడ దిక్కు నెడతాయి. అవి మరీ తక్కువైతే గాయం నుంచి రక్తం తొందరగా ఆగదు. మందు ఎక్కువై అవి మితిమీరితే రక్తం చిక్కబడి నాళం లోపలే గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు పోయే నాళంలో అడ్డుపడితే పక్షవాతం. అందుకే ఈ రోగులకు హిమోగ్లోబిన్‌ను మామూలుగా 11న్నర దాటనియ్యరు.

రిపోర్టు వచ్చినప్పుడల్లా అత్త నాతోనే చదివిస్తది. మొన్నటిది 10.