తుపాను రేటు కట్టబోయే కుర్రాళ్లకు

1. ఐదేళ్ల క్లెయిముల రిజిస్టరు తీసి సగటు వేసే పద్ధతి మోటారు బీమాకు నప్పుతుంది. తుపానుకు నప్పదు. 2013 దాకా ఉన్న అలాంటి సగటుతో విశాఖకు రేటు కట్టినవాడికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేస్తుందో ఆ రిజిస్టరు చెప్పలేదు.

2. వందేళ్లకోసారి వచ్చే గాలి అంటే ఏటా నూటికి ఒక వంతు అవకాశం. అదే లెక్కన 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు అది ఒక్కసారైనా తగిలే అవకాశం 26 శాతం.

3. ఇక్కడ కాస్త నిదానించండి. తీరం పాలసీలన్నిటి మీద కలిపి 100 కోట్ల నష్టం, ఏటా నూటికి ఒక వంతు అవకాశం అనుకుందాం. సగటున ఏడాదికి కోటి. మరి కోటి వసూలు చేస్తే చాలదా అంటారు. మూడో ఏడు తుపాను కొడితే చేతిలో ఉండేది 3 కోట్లే. మిగతా 97 కోట్లు ఎవరో ఒకరు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి: మన కంపెనీయో, రీఇన్సూరెన్సు వాళ్లో. ఆ డబ్బు ఊరికే కాపలా కాయదు. 5 శాతం ఇచ్చినా ఏటా 5 కోట్లకు దగ్గర. అసలు నష్టం వాటా కోటి, కాపలా కూలి దానికి అయిదింతలు! పాలసీదారు దోపిడీ అనేది దీన్నే. నేను అలా అనను గానీ, ఆ కూలి తగ్గించే దారి ఒకటుంది. అదే సొమ్ము ఫ్లోరిడాకూ జపాన్‌కూ కూడా పూచీ పడితే, అందరూ ఒకే ఏడు మునగరు కాబట్టి తలా కొంత పంచుకుంటారు. రీఇన్సూరెన్సు నడిచేది ఈ లెక్క మీదే.

4. ఇళ్లు విడివిడిగా కాలతాయి. గాలి మాత్రం గాజువాక నుంచి భీమిలి దాకా ఒక్క పూటలో పడుతుంది. అందుకే పిన్‌కోడ్ వారీగా మొత్తం బీమా సొమ్ము కూడి చూడాలి. 1992లో ఆండ్రూ హరికేన్ తర్వాత అమెరికాలో 11 కంపెనీలు దివాలా తీశాయి.

5. కంప్యూటర్ మోడల్ ఎంత గొప్పదైనా ప్రపోజల్ ఫారంలో రాసిందే తింటుంది. ‘పక్కా భవనం’ అని రాసిన గోడౌను ఒకటి చూశాను. గోడలు ఇటుకవే, పక్కావే. పైన మాత్రం సిమెంటు రేకులు, వాటిని పట్టి ఉంచే హుక్కులు ఉప్పుగాలికి తుప్పు పట్టి వేలితో తోస్తే రాలుతున్నాయి. సరుకేమో నేల మీదే. సర్వేకు వెళ్తే ముందు తలెత్తి కప్పు చూడండి.

6. గాలివాన మర్నాడు రేకుల ధర, మేస్త్రీ కూలి పెరుగుతాయి. అదీ కలపండి.

7. “మా ఊళ్లో గాలే రాలేదు, ప్రీమియం ఎందుకు పెంచారు?” అని అడుగుతారు. 2011లో జపాన్ భూకంపం, థాయ్‌లాండ్ వరదలు వచ్చాక ఆసియాలో రీఇన్సూరెన్సు రేట్లు పెరిగాయి. ఆ 97 కోట్లు పెట్టేవాళ్లు వాళ్లకూ మనకూ చాలావరకు ఒకరే. జపాన్ ఒప్పందాలూ మనవీ ఎక్కువగా ఏప్రిల్ 1నే రెన్యూవల్‌కు వస్తాయి.