ఆ రెండు బోర్లను వదిలేయొచ్చా?

మేడమ్, నేను ఎమ్మెస్సీ జియాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. నల్గొండ జిల్లాలోని మా మండలం బోరునీళ్లలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేస్తున్నాను. గ్రానైట్ నేల కాబట్టి అంతటా ఎక్కువే ఉంటుందని ముందే రాసుకున్నాను. చాలా బోర్లలో లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటింది. చెరువు కింది రెండు బోర్లలో మాత్రం 0.6 లోపే వచ్చింది. "తీసెయ్, ఎవరడుగుతారు?" అంటోంది నా స్నేహితురాలు. గైడ్ సార్‌కు తీరికే ఉండదు. చెబితే శాంపిల్ పట్టడం కూడా రాదా అంటారేమోనని భయం. థీసిస్ ఇవ్వడానికి నెలన్నరే ఉంది. ఏం చేయను?

– ఒక విద్యార్థిని

అమ్మా, ఆ రెండింటినీ తీసేయొద్దు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ వల్ల వంకర తిరిగిన కాళ్లను తరాలుగా చూసిన జిల్లా మీది. అక్కడ మంచినీళ్ల బోరు ఎక్కడుందో తెలియడం చిన్న సంగతా? ఒకే గ్రానైట్ మీద ఈ రెండు చోట్లే ఎందుకు తగ్గిందన్నదే నీ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న అని నాకనిపిస్తోంది.

ముందు అంకె నిజమో కాదో తేల్చుకో. ఫీల్డ్ నోట్‌బుక్ తీసి చూడు. నీళ్లు పట్టేముందు బోరు కాసేపు నడిపించావా? లోతు రాసుకున్నావా? సీసాలో నీళ్లు మిగిలి ఉంటే బఫర్ కలిపి ఎలక్ట్రోడ్‌తో మళ్లీ కొలువు. బఫర్ లేకపోతే ఇనుము, అల్యూమినియం పట్టి ఉంచిన ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు. కాటయాన్లు, ఆనయాన్ల లెక్క కుదిరిందని ధీమా పడకు. అందులో ఫ్లోరైడ్ వాటా చాలా చిన్నది, అది తప్పినా లెక్క కుదురుతుంది. వీలైతే వెళ్లి ఇంకోసారి పట్టుకురా, చెరువు నీళ్లు కూడా.

అంకె నిలిచిందనుకో. అప్పుడు కాల్షియం, బైకార్బనేట్ వరుసలు చూడు. సోడియం, బైకార్బనేట్ హెచ్చి కాల్షియం తగ్గిన నీళ్లలోనే ఫ్లోరైడ్ పెరుగుతుంది. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఫ్లోరైట్‌గా మారి విడిపోతుంది. చెరువు ఊట దిగి పలచనైతే క్లోరైడ్, విద్యుత్ వాహకత కూడా తగ్గి ఉండాలి. అవి తగ్గకుండా ఫ్లోరైడ్ ఒక్కటే తగ్గి, కాల్షియం పెరిగి ఉంటే కారణం వేరు. ఒకే కాలంలో శాంపిళ్లు పట్టి ఉంటే ఆ మాటా థీసిస్‌లో దాచకుండా రాయి. వానల తర్వాత నీళ్లు మారతాయి.

ఇక గైడ్ సంగతి. ఏం చేయమంటారని ఉత్త చేతులతో వెళ్లకు. మ్యాపు, ఆ రెండు బోర్ల ఫలితాలు, నీకు తోచిన కారణం ఒక్క కాగితం మీద పెట్టుకుని "పావుగంట కావాలి సార్" అని అడుగు. రేపే అడుగు, చివరి వారం దాకా ఆగొద్దు. ఒక మాట అంటే అననీ. విద్యార్థి తెచ్చిన తికమకను విప్పడంలో సాయపడటం ఆయన పని, అది అడిగి తీసుకునే హక్కు నీకుంది.

అంకెలు ఖాయమయ్యాక అన్ని బోర్ల వాళ్లకూ వాళ్ల నీళ్ల సంగతి చెప్పిరా. 2 దాటిన వాళ్లకు ముందు చెప్పు.