పురుగును పెంచి చూస్తే

సాయంత్రం డిండోలిలో చెరువు పక్కగా నడుస్తుంటే తలల మీద సన్నని పురుగులు గుంపుగా ఎగురుతాయి. దోమలనుకుని చేతులు విసురుతాం. అవన్నీ దోమలు కావు. వాటిలో మిడ్జ్‌లు కూడా ఉంటాయి. కైరోనమస్ అనే మిడ్జ్ అసలు కుట్టదు. దాని లార్వా నీటి అడుగున బురదలో పెరుగుతుంది. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలో బతకడానికి అదే సాయం.

బయట ఇన్ని ఉండగా శాస్త్రవేత్తలు వీటిని ప్రయోగశాలలో ఎందుకు పెంచుతారు? చెరువులో పట్టిన పురుగు ఏం తిన్నదో, ఎంత వేడిలో పెరిగిందో మనకు తెలియదు. పెంచిన పురుగు సంగతి గుడ్డు నాటి నుంచీ తెలుసు.

ఇది మన సికింద్రాబాద్‌లోనే రుజువైంది. 1897లో రోనాల్డ్ రాస్ లార్వాల నుంచి దోమలను పెంచాడు. అవి అంతకుముందు ఎవరినీ కుట్టలేదు. వాటిని మలేరియా రోగిని కుట్టనిచ్చి, తరువాత కోసి చూశాడు. ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మిడ్జ్‌లను పెంచే పద్ధతి ఇది. తొట్టి అడుగున సన్నని ఇసుక, పైన నీరు, నీటిలోకి గాలి బుడగలు. పొడి చేసిన చేపల మేత కొంచెమే వేయాలి, ఎక్కువైతే నీరు కుళ్ళుతుంది. వేడి 20 డిగ్రీలు. రోజుకు 16 గంటల వెలుతురు, 8 గంటల చీకటి. ఎగిరే పురుగులు పోకుండా పైన వల. జిగురు ముద్దలోని గుడ్లు రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. లార్వా నాలుగు దశలు దాటి ప్యూపాగా మారి, ఆపై రెక్కల పురుగు అవుతుంది. మూడు నాలుగు వారాల్లో ఒక తరం పూర్తి. అందుకే తరతరానికీ వచ్చే మార్పును తొందరగా చూడవచ్చు.

చలి ప్రాంతపు మిడ్జ్‌లనూ వేడి ప్రాంతపు మిడ్జ్‌లనూ ఒకే గదిలో, ఒకే మేతతో కొన్ని తరాలు పెంచారనుకోండి. వాటి మధ్య తేడా పోతే అది ఊరి వల్ల వచ్చింది. మిగిలితే పుట్టుకతో వచ్చింది.

మనమూ బదిలీల మీద తలో ఊరి నుంచి వచ్చి ఒకే తరగతిలో కూర్చుంటున్నాం. కొత్తగా చేరిన వాడికి గుజరాతీ రాకపోతే తెలివి తక్కువని అనేయకండి. వాడు పెరిగిన ఊరేదో ముందు అడగండి.

ఆలోచించండి: రాస్ ఇంట్లో ఎగిరే దోమలను పట్టి వాడి ఉంటే, ఆయన మాట ఎందుకు నమ్మలేకపోయేవాళ్ళం?