రామప్ప ఎవరిది? పర్యాటక సంస్థ పనేమిటి?

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి ఎవరి సంరక్షణలో ఉందని అడిగితే చాలామంది తడుముకోకుండా ‘పర్యాటక శాఖ’ అనేస్తారు. తప్పు! కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయం కేంద్రం అధీనంలోని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలో ఉంది.

మరి తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ చేసేదేమిటి? యాత్రికుడికి దారి, బస, భోజనం. హరిత హోటళ్లు, ప్యాకేజీ బస్సులు, లక్నవరం చెరువులో దీవుల మీది కాటేజీలు, లుంబినీ పార్కు నుంచి హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గరికి పడవలు... ఇవన్నీ దాని ఖాతాలోవే. గుడిని చూడటానికి వచ్చినవాడు ఆ పూట అక్కడే ఆగితేనే ఊరికి నాలుగు డబ్బులు. సంస్థ అసలు లెక్క అదే.

2021 జులై 25న రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. దేశంలో ఇది 39వది. ఈ గుడికి వాడిన నీటిలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక వాడిన పద్ధతి ప్రశ్నపత్రాలకు ఇష్టమైన అంశాలు.

అదే ఏడాది భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అక్కడ చూడాల్సింది కట్టడం కాదు, మగ్గం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానంగా ఇచ్చింది ఈ ఊళ్లోనే; పేరులోని ‘భూదాన్’ అలా వచ్చిందే.

రామప్ప, పోచంపల్లి హోదాలు ఇచ్చిన సంస్థలు వేర్వేరు, పరీక్షలో కలిపేయకండి.