కాసులపేరు పెట్టెలో పంపొద్దు

తెనాలి

చి.ల.సౌ. బుజ్జికి,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. నీ సీమంతానికి అమ్మమ్మ కాసులపేరు డాలస్‌కి కొరియర్‌లో పంపమన్నావట. పెట్టె మీద ‘గిల్టు నగ, వెల 2,000’ అని రాయిస్తే సుంకం గొడవ ఉండదని నీ స్నేహితురాలెవరో చెప్పిందట.

వద్దు తల్లీ. ఆ పేరు నీ మెడలో చూడాలని నాకూ ఉంది. ఆ తప్పుడు రాతే వద్దంటున్నాను.

నేను పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. మా రోజుల్లో నగ పంపాలంటే ఇన్సూరు చేసి తీరాలి. పెట్టెకి గుడ్డ చుట్టి కుట్టి, కుట్టు పొడుగునా లక్క సీళ్ళు వేసి, బరువు తూచి పైన రాసేవాళ్ళం. ఒకాయన కూతురి పురిటికి గొలుసు పంపుతూ, రుసుము దండగని ‘బట్టలు’ అని చెప్పి మామూలు పార్సిల్ కట్టాడు. చేరేసరికి పక్క కుట్టు ఊడి ఉంది. చీర ఉంది, గొలుసు లేదు. ఫిర్యాదులో ఏం రాయమంటారని ఆయన నన్నే అడిగాడు. కాగితాల మీద గొలుసే లేదాయె, ఏం రాయించను?

నీ పెట్టె పోయినా చేతికొచ్చేది ఆ 2,000 లోపే. పోకుండా కస్టమ్స్ వాళ్ళు విప్పి చూస్తే, అబద్ధం రాశారని జప్తు చేయొచ్చు. పోనీ నిజం రాద్దామా అంటే చాలా కొరియర్లు బంగారం తీసుకోవు, తీసుకున్నా చిన్న మొత్తానికే పూచీ పడతాయి. బ్రింక్స్, మాల్కా-అమిత్ లాంటి విలువైన సరుకు చేరవేసే కంపెనీలు వజ్రాల వ్యాపారులకి సరే, మన ఒక్క పేరుకి అంత హడావిడి ఎందుకు? అమ్మ వచ్చే నెల నీ దగ్గరికి వస్తూనే ఉందిగా! చేతిసంచిలో పెట్టుకుని తనే తెస్తుంది. పెద్ద పెట్టెలో మాత్రం వేయనివ్వను.

ముందు గుర్తింపు ఉన్న వాల్యూయర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. కాసులెన్ని, పతకంలో కెంపులెన్ని, రాళ్ళు తీసేస్తే బంగారమెంత, అన్నీ ఫొటోతో సహా రాయిస్తాను. దాని మీద హాల్‌మార్క్ ఎక్కడిది, 1963కి ముందు చేయించిందాయె! ఆ ఏడాది ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి 14 క్యారెట్లకి మించి నగ చేయకూడదన్నప్పుడు మన కంసాలి వీధిలో కుంపట్లు ఆరిపోయాయి. ఈ పేరు చేసినాయన కిరాణా కొట్లో పొట్లాలు కట్టాడు. ఒక్కో కాసు మీద లక్ష్మీదేవిని ఆయన ఎంత ఓపిగ్గా దిద్దాడో, మెడలో వేసుకునే ముందు వేలితో తడిమి చూడు.

శంషాబాద్‌లో విమానం ఎక్కేముందు నగా, వాల్యూయర్ రాసిన కాగితమూ కస్టమ్స్ వాళ్ళకి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తిరిగొచ్చినప్పుడు ఇది ఇక్కణ్ణించి వెళ్ళిన నగేనని రుజువు అదే. సుంకం లేకుండా ఆడవాళ్ళు 40 గ్రాములు తెచ్చుకోవచ్చంటారే, అది ఏడాది దాటి బయట ఉన్నవాళ్ళకి. అమ్మ ఆరు నెలల్లో వచ్చేస్తుంది, తనకి వర్తించదు. డాలస్‌లో దిగాక అడిగితే, ఇంటి నగ, సీమంతానికి తెచ్చాను, మళ్ళీ తీసుకెళ్తాను అని ఉన్నదున్నట్టు చెప్పమను. నువ్వు కూడా మోజుపడి అక్కడే ఉంచేసుకోకు, అమ్మతోనే తిప్పి పంపు.

అమ్మమ్మ వాళ్ళమ్మగారి కంటెని కూడా పంపమని అడిగావట. అది 100 ఏళ్ళు దాటిన వస్తువు, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. బిడ్డనెత్తుకుని నువ్వే రా, అత్తయ్య నీ మెడలో పెడుతుంది.

ఈ రాత్రే అమ్మకి ఫోన్ చేసి కొరియర్ వాణ్ణి రావద్దని చెప్పు. నగ వెంటబెట్టుకుని ఒంటరిగా వెళ్ళాలంటే తనకి భయం, బయటికి చెప్పదు. శంషాబాద్ దాకా నేను వెంట ఉంటానని చెప్పు. ఐరన్ మాత్రలు మానేశావని కూడా విన్నాను. వికారంగా ఉంటే డాక్టర్ని అడిగి వేరేవి రాయించుకో, మానకు.

మీ మామయ్య